సుద్ద పగిలిన చోట

ఆ రోజు సుద్దమేడలో ఉన్నవాళ్లు వీళ్లు. చిత్రకంధర రాజ్యానికి రాజమాత కువలయాదేవి. మర్నాడు పట్టాభిషేకం జరగవలసిన యువరాజు ఉదయసేనుడు. ఆయన వెనకే నీడలా తిరిగే గురువు, ధూమ్రగిరి నుంచి వచ్చిన మాంత్రికుడు భస్మనేత్రుడు. రాజమాత కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ ఇంట వంట చేస్తున్న పోలక్క. గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ ముసలి ద్వారపాలకుడు వీరభల్లుడు. కొలువుగదిలో స్తంభానికి గొలుసులతో కట్టేసిన గజదొంగ గండకుడు. వీళ్లందరి ముఖాలకూ సుద్ద పూయడానికి గంపతో వచ్చిన కుమ్మరి పిల్ల రంగి.

వీళ్లలో ముగ్గురు పైకి కనిపించే మనుషులు కారు.

యువరాజు యువరాజు కాదు. గొలుసుల్లో ఉన్నవాడు దొంగ కాదు. వేటకు వెళ్లిన ఉదయసేనుణ్ణి అడవిలో మత్తుమందుతో పడగొట్టి, అతని పక్కనే గండకుణ్ణి పడుకోబెట్టి, తడిబట్ట మీది రంగు ఇంకో బట్టకు అంటించినట్టు ఒకరి ముఖం ఒకరికి, ఒకరి గొంతు ఒకరికి మార్చేశాడు భస్మనేత్రుడు. దొంగ రాకుమారుడి రూపంలో ఏనుగెక్కి కోటకు వచ్చాడు. రాకుమారుడు చెంపన కత్తిగాటుతో, చిరుతలాంటి కళ్లతో, బొంగురు గొంతుతో లేచి కూర్చుని, వాగు నీళ్లలో తన ముఖం తానే చూసుకుని వెనక్కి పడ్డాడు.

ఇక రంగి రంగి కాదు. ఆ పిల్ల పేరు చెంగలువ. రెల్లువాక అనే ఏటిపల్లె ఆమెది. చెంగలువ తల్లి గవరమ్మకు పుట్టు చెవుడు, మాట రాదు. అందువల్ల ఊళ్లో పిల్లలందరూ అమ్మ అత్త అంటూ మాటలు నేర్చుకునే వయసులో చెంగలువ ముఖాలు నేర్చుకుంది. తల్లికి ఆకలైతే పెదవి ఎలా బిగుస్తుందో, కోపం వస్తే ముక్కుపుటాలు ఎలా తెరుచుకుంటాయో, కోపంలాగే కనిపించే బెంగకు కనుబొమలు ఎలా వేరుగా కదులుతాయో ఆ పిల్లకు కొట్టినపిండి. నలుగురిలో నోరు విప్పాలంటే బిడియపడి తల్లి కొంగు చాటున నిలబడేది గాని, ఆ చాటు నుంచే ఊరందరినీ చదివేసేది.

గాయాలతో గండకుడి ముఖం వేసుకుని ఉదయసేనుడు ఆ పల్లెకు చేరినప్పుడు ఊరివాళ్లు కర్రలు తీసుకుని వచ్చారు. గవరమ్మ ఒక్కతే గంజి ముంత అందించి, అతను తాగుతున్నంతసేపూ అతని ముఖంలోకి చూసింది. తరవాత కూతురి వైపు తిరిగి తన చెంపను పట్టుకుని లాగి, అవతల పారేసినట్టు చెయ్యి విసిరింది. ఈ తోలు ఇతనిది కాదు అని అర్థం. ఆ పైన గుండె మీద చెయ్యి వేసుకుంది. లోపలివాడు మంచివాడు అని.

ఆ రోజే కోటకు బయలుదేరిన ఉదయసేనుడూ చెంగలువా, అతని చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకుంటూ, తాటిదుంగ మీద మొసళ్ల మడుగు దాటారు. రెక్కల తోడేళ్లు తరిమితే తేనెపట్టు ఒకటి వాటి మీదికి విసిరి తప్పించుకున్నారు. కోట బయట ఉత్సవపు అతిథుల గుడారాల దగ్గర మాత్రం ఉదయసేనుణ్ణి భటులు చుట్టుముట్టారు. చెంగలువ మిరపకాయల బండిలో దూరి, తుమ్మును అరచేత్తో అదిమిపెట్టుకుని, కోట లోపలికి వచ్చిపడింది. వచ్చాక తెలిసింది. గండకుణ్ణి సుద్దమేడకు తీసుకుపోతున్నారు. యువరాజు చెప్పబోయే మొదటి తీర్పు వాడి తలమీదే.

ఆ సుద్దమేడ సంగతి కాస్త చెప్పాలి. కొండ పలకరాయితో కట్టిన కట్టడం అది. బయట గోడల మీద నెమళ్లు, నీలిగాజు కళ్ల సింహాలు, పగడపు తీగెలు. లోపలికి అడుగుపెడితే ఒక్క బొమ్మ లేదు, ఒక్క రంగు లేదు. నేల తెలుపు, గోడ తెలుపు, కప్పు తెలుపు. పైనుంచి వెండిగొలుసులకు వేలాడే దీపాలు తప్ప కంటికి ఆనే అలంకారమే ఉండదు. చిత్రకంధరను ఏలబోయేవాడు పట్టాభిషేకానికి ముందు రోజు ఈ ఇంట్లో కూర్చుని ఒక తీర్పు చెప్పాలి. ఆ తీర్పు ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాలి. ఏడ్చేవాణ్ణి చూసి మెత్తబడకూడదు. ఉరిమేవాణ్ణి చూసి జంకకూడదు. కన్నతల్లి కనుబొమ్మ కదిలిందని మాట మార్చకూడదు. అందుకని ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ముఖం నిండా తెల్లసుద్ద పూసుకోవాలి. పొద్దు గుంకే లోపల తీర్పు పడుతుంది. పడ్డ తీర్పునైనా, పడబోయే తీర్పునైనా ఆపగలిగేది రాజమాత ఒక్కతే. ఆవిడ తన చేత్తో నేరస్థుడి ముఖం మీది సుద్ద తుడిచేస్తే వాడికి ప్రాణం దక్కుతుంది. ఎందుకు తుడిచావని ఆవిణ్ణి ఎవరూ అడగకూడదు.

ఈ ఆచారం విన్నప్పుడు భస్మనేత్రుడు సంబరపడ్డాడు. దొంగ ముఖం రాకుమారుడిదే గాని ఆ ముఖాన్ని కదిపేవాడు దొంగ. తల్లి ఎదుట రోజంతా కూర్చోవలసిన పూట ముఖానికి ముసుగు దొరకడం కంటే మేలేముంది.

ఆ సంబరం సంగతి కోట పనివాళ్ల నోట విని చెంగలువ ఒంటికి కారం రాసినట్టయింది. భస్మనేత్రుడి ముఖాన చెయ్యి పెట్టవలసి వస్తుందని తలుచుకుని హడలిపోతున్న అసలు రంగి దగ్గర కోకా గంపా అడిగి తీసుకుంది. గంపలో ఒక బుంగ ఉంది. అందులో మెంతులు నానబెట్టి తీసిన జిగురు. సుద్దలో ఆ జిగురు కలిపితే అది చర్మాన్ని పట్టుకుని సాగుతుంది, ఎంత ఎండినా పగలదు. చెంగలువ ఆ జిగురంతా దారిలో తూములో ఒంపేసి, బుంగలో మామూలు నీళ్లు పోసుకుని వచ్చింది.

"మీసం మీద పూయకే తల్లీ" అన్నాడు వీరభల్లుడు. అందరికంటే ముందు ముఖం ఇచ్చింది ఆయనే. "పోయిన పట్టాభిషేకానికి పూశారు. వారం దాకా దువ్వెన దిగలేదు."

"నీ మీసం చూసి యువరాజు తీర్పు మార్చుకుంటాడా ఏంది" అంది పోలక్క, తన వంతు కోసం కొంగు సర్దుకుంటూ. "పుయ్యవే పిల్లా. కాసేపైనా ఆ మీసాలు కనపడకుండా ఉంటే నా కళ్లు చల్లబడతాయి."

తరవాత భస్మనేత్రుడు. నవ్వునూ ఏడుపునూ క్షుద్రదేవతకు ఆహుతి ఇచ్చి శక్తులు సంపాదించాడని ఆయన గురించి చెప్పుకునేవారు. నిజమే అయివుండాలి. చెంగలువ వేళ్ల కింద ఆ ముఖం చల్లారిన పొయ్యిలా ఉంది. నుదుట ఒక్క నరం కదల్లేదు.

"నా దగ్గరికి వచ్చిన ప్రతివాడి చెయ్యీ వణుకుతుంది. నీది వణకడం లేదేం?"

"వణికితే సుద్ద సమంగా పట్టదు, సామీ."

ఆయన ఆమెను పరకాయించి చూసి, చేత్తో పొమ్మన్నాడు.

సింహాసనం మీద కూర్చున్నవాడు అందగాడు. వెడల్పు నుదురు, కోటేరులా దిగిన ముక్కు, పసిడి వన్నె. చెంగలువ దగ్గరికి రాగానే పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. పెదవులు చెవుల దాకా వెళ్లాయి. కళ్ల చివర మాత్రం చర్మం నున్నగా, అద్దంలా అలాగే ఉంది. నోరు నవ్వుతోంది, కళ్లు లెక్క చూసుకుంటున్నాయి. వాడి కళ్ల కొసల దగ్గర చెంగలువ సుద్దను మరీ పలచగా, ఒకే పొరగా దిద్దింది.

రాజమాత కువలయాదేవి కళ్లు మూసుకుని ముఖం ఎత్తింది. నెరిసిన జుట్టు, చెవులకు ముత్యపు కమ్మలు తప్ప వేరే అలంకారం లేదు. ఆవిడ కనుబొమల లోపలి కొసలు రెండూ పైకి లేచి, నుదుటి నడుమ చిన్న ముడి పడివుంది. వేళ్లతో మెల్లగా అదిమినా అది దిగలేదు. నటించడానికి వీల్లేని ముడి అది. దుఃఖం లోపల గూడు కట్టుకుంటేనే అక్కడికి వస్తుంది. పాపం, ఈ తల్లికి అనుమానం ఉంది, రుజువు లేదు అనుకుంది చెంగలువ. రుజువు చూపిస్తే చాలు, తన చేత్తో కొడుకు ముఖం తుడిచేస్తుంది అనుకుంది.

ఆఖరున గొలుసుల్లో ఉన్నవాడు. సుద్ద పూస్తూ అతని చెవి దగ్గరికి వంగింది.

"ఓర్చుకోండి" అంది.

"గడ్డం కింద దురదగా ఉంది, చెంగలువా. చేతులు కట్టేశారు. ఈ రాజ్యానికి రాజునైతే ముందు ఈ ఆచారం ఎత్తేస్తాను."

"ముందు బతకండి. తరవాత ఎత్తేద్దురు గాని."

పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికి దిగింది. తెల్లటి గదిలో తెల్లటి ముఖాలు. ఎవరు ఏమనుకుంటున్నారో దేవుడికే తెలియాలి అన్నట్టున్నాయి. సుద్ద ఆరి బిగుసుకోవడం మొదలైంది.

"ఎవడివిరా నువ్వు?" అని అడిగాడు సింహాసనం మీదివాడు. తీర్పుకు ముందు అడగవలసిన ప్రశ్న అది.

"ఉదయసేనుణ్ణి. కువలయాదేవి కొడుకుని."

"రాత్రింబవళ్లు ఇదే పాట" అన్నాడు భస్మనేత్రుడు. "దొంగకు పిచ్చి కూడా పట్టింది. ఇక ఆలస్యం దేనికి, నాయనా? తీర్పు చెప్పు."

దొంగ గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు గోడవారగా నిలబడ్డ చెంగలువ ముందుకు వచ్చింది. నలుగురి ఎదుట నోరు విప్పడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"తీర్పుకు ముందు సుద్ద పూసిన పిల్ల ఒక కథ చెప్పాలండీ. మా కుమ్మరోళ్ల ఆనవాయితీ."

"అలాంటి ఆనవాయితీ ఏదీ లేదు" అన్నాడు భస్మనేత్రుడు.

"ఏమో సామీ, ఉందేమో" అన్నాడు వీరభల్లుడు మీసం మీది సుద్ద తడుముకుంటూ. "పెద్దరాజుగారి నాడు ఎవరో ఏదో పాడినట్టు గుర్తు. పాటో, కథో."

రాజమాత తల ఎత్తకుండానే అంది. "చెప్పనీండి."

చెంగలువ మొదలుపెట్టింది.

"అనగనగా ఒక రాకుమారుడు. అప్పటికింకా లాగు కూడా సరిగ్గా కట్టుకోవడం రాదు. ఒక పండగనాడు వంటింట్లో బాన నిండా పాలతాలికలు వండి చల్లార్చడానికి పెట్టారు. ఎవరూ చూడకుండా వెళ్లి తిన్నంత తిన్నాడు. అడుగున మిగిలింది అందలేదు. తల లోపలికి పెట్టాడు. తల లోపలికైతే పోయింది గాని బయటికి రాలేదు."

పోలక్క నోటి దగ్గరికి చెయ్యి వెళ్లింది.

"అమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ, బాన నెత్తిన పెట్టుకుని, గోడలు తడుముకుంటూ నేరుగా నిండుకొలువులోకి నడిచి వచ్చాడు. అక్కడ పొరుగు రాజ్యపు రాయబారి కూర్చుని ఉన్నాడు. బాన వెళ్లి ఆయన పొట్టకు కొట్టుకుంది. ఆయన గభాల్న లేచి, నడుం విరిగేలా వంగి బానకు దండం పెట్టి, మా దేశంలో ఇంత పెద్ద కిరీటాలు లేవు ప్రభూ అన్నాడు. లోపలినుంచి జవాబు వచ్చింది. ఇంకొంచెం పాలతాలికలు కావాలి అని."

"రోకలి పట్టుకొచ్చి ఆ బాన పగలగొట్టింది నేనే" అంటూ పోలక్క పకపకా నవ్వేసింది. "చెవుల్లో కూడా పాలతాలికలే, నా తండ్రికి."

వీరభల్లుడు బల్లెం మీద వాలిపోయి నవ్వాడు. గొలుసులు గలగలమన్నాయి. చావు గుమ్మంలో ఉన్న మనిషి, తన కథ తనకే చెబుతుంటే ఆపుకోలేక భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. ఆ నవ్వులు విని, అటూ ఇటూ చూసి, ఇది నవ్వవలసిన చోటు కాబోలని తెలుసుకుని, సింహాసనం మీదివాడు కూడా పెద్దగా నవ్వాడు.

నవ్వులు ఆగాయి. సుద్ద పెళుసుగా చిట్లిన చప్పుడు మాత్రం గదిలో మిగిలింది.

"ఇప్పుడు చూడండి, అమ్మగారూ" అంది చెంగలువ. "పోలక్క కళ్ల కొసలు చూడండి. ఎండిన చేనులా నెర్రెలిచ్చాయి. ఈ బల్లెం తాతవీ అంతే. నవ్వు నిజంగా వస్తే బుగ్గ పైకి లేచి కన్ను చిన్నదవుతుంది. కంటి పక్క ముడత పడి తీరుతుంది. ఆ ముడతను రమ్మంటే రాదు, వద్దంటే ఆగదు. ఈ కట్టేసినాయన కళ్ల పక్క చూడండి. సుద్ద పెళ్లలుగా రాలిపోయింది. ఇక ఆ గద్దె మీదాయన్ని చూడండి. నోటి చుట్టూ పగిలింది. కంటి దగ్గర నేను దిద్దిన సుద్ద దిద్దినట్టే ఉంది. అక్కడ ఒక్క గీత లేదు. సొంత చిన్నతనం వింటూ ఎవరైనా పక్కవాళ్లను చూసి నవ్వుతారా?"

ఆ మాటతో దొంగ కళ్లు పెద్దవయ్యాయి, కనుబొమలు ఎగిరాయి. నుదుట అడ్డంగా బారెడు పగులు పాకింది. అదేమిటో ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేదు. భయం.

"సుద్దలో జిగురు లేదు" అన్నాడు భస్మనేత్రుడు నెమ్మదిగా. "ఈ పిల్ల కుమ్మరిది కాదు."

నడుముకు కట్టుకున్న సంచిలోంచి చిటికెడు బూడిద తీసి పైకి ఊది, గొంతులోనే ఏదో గొణిగాడు. దీపాల వెండిగొలుసులు గిర్రున మెలి తిరిగాయి. వాటి కొసలకు పడగలు మొలిచాయి. వెండి పాములు బుసలు కొడుతూ కప్పు మీదినుంచి జారిపడ్డాయి. ఒకటి వచ్చి వీరభల్లుడి బల్లేనికి చుట్టుకుంది.

"నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు పాముల సంగతి ఎవరూ చెప్పలేదు" అని గొణుక్కుంటూ ముసలాయన కళ్లు మూసుకుని బల్లేన్ని గోడకేసి బాదడం మొదలుపెట్టాడు. పోలక్క కొంగు దోపుకుని పీటెక్కింది. గొలుసుల్లో ఉన్న ఉదయసేనుడు కాలికి అందిన పామును అందినట్టు తన్నుతున్నాడు. దొంగ కత్తి దూసి సింహాసనం మీదినుంచి అతని మీదికి దూకాడు.

ఒక పాము చెంగలువ చీలమండ చుట్టూ బిగిసింది. ఆమె కిందికి చూడలేదు. మాంత్రికుడి పెదవులు కదులుతున్నంతసేపే ఈ పాములు పాములని ఆమెకు తోచింది. ఒంటికాలి మీద గెంతుతూ వెళ్లి, గంపలో మిగిలిన సుద్దను రెండు చేతులా ఎత్తి భస్మనేత్రుడి నోట్లో కుక్కింది. మిగిలింది కళ్లకు మెత్తింది.

మంత్రం గొంతులోనే ఇరుక్కుపోయింది. ఆయన దగ్గాడు, కక్కబోయాడు, ఉక్కిరిబిక్కిరై గోడకు కొట్టుకున్నాడు. పాములు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుని, ఖంగుఖంగుమంటూ గొలుసులై నేల మీద పడ్డాయి. పరిగెత్తుకొస్తున్న దొంగ కాలు వాటిలో చిక్కుకుంది. యువరాజు ముఖంతో బోర్లాపడ్డాడు. కత్తి జారి పోలక్క పీట కిందికి పోయింది.

"ఆగండి."

ఆ మాట గట్టిగా అన్నది కాదు. అయినా అందరూ ఆగారు. కువలయాదేవి లేచి నిలబడింది. ఆవిడ ముఖం మీది సుద్ద నుదుటి నుంచి గడ్డం దాకా చీలికలు పేలికలై ఉంది. ఎవరి వైపూ చూడకుండా నీళ్లకుండ దగ్గరికి వెళ్లి పైట చెరగు తడిపింది. ఎండ అప్పటికే గోడ సగం దాకా ఎక్కింది.

గెలిచాం అనుకుంది చెంగలువ.

రాజమాత గొలుసుల్లో ఉన్న మనిషి ఎదుట నిలబడి, తడిచెరగుతో అతని నుదురు తుడిచింది. చెంపలు తుడిచింది. కత్తిగాటు తుడిచింది. పసిబిడ్డకు తలంటి తుడిచినట్టు చెవుల వెనక కూడా తుడిచింది.

"అమ్మా" అన్నాడు ఉదయసేనుడు, దొంగ గొంతుతో.

"నేను నీ తల్లిని కాను" అంది ఆవిడ. తరవాత అందరి వైపూ తిరిగింది. "ఈ గండకుడికి ప్రాణభిక్ష పెట్టాను. వీరభల్లా, పొద్దు గుంకే లోపల వీణ్ణి ఏరు దాటించి వదిలెయ్. నువ్వే వెళ్లు. వీడి ఒంటి మీద చెయ్యి పడితే నీ తల పోతుంది."

నోట్లోని సుద్ద ఉమ్మేసి భస్మనేత్రుడు ముందుకు వచ్చాడు. "రాజమాతా, వీడు బతకకూడదు. ఎందుకు తుడిచారో నాకు చెప్పండి."

"ఎందుకని అడగకూడదు. ఈ దేశపు ఆచారం, గురుదేవా. నిన్నటిదాకా దాన్ని మీరే కొనియాడారు."

వీరభల్లుడు బల్లేన్ని మాంత్రికుడికీ ఖైదీకీ మధ్య అడ్డంగా పెట్టాడు. భస్మనేత్రుడు సంచి మీద చెయ్యి వేసి, అంతటితో ఆగాడు. రాజమాత తుడిచిన ముఖం జోలికి వెళ్లినవాడికి చిత్రకంధరలో ఏ సైనికుడూ నీళ్లు కూడా పొయ్యడు. రేపు పట్టాభిషేకం జరగాలంటే ఆ సైనికులు కావాలి.

"అబద్ధం" అంది చెంగలువ. "ఆయన గండకుడు కాదు. ఆవిడకి తెలిసింది. ఆవిడ నుదురు చూడండి, తల్లిని కాను అన్నప్పుడు సుద్ద ఎలా—"

రాజమాత చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ఉక్కు కడియంలా పట్టుకుంది.

"ఈ పిల్ల సుద్దలో జిగురు కలపలేదు. పట్టాభిషేకపు ఇంట అశుభం చేసింది. రేపటిదాకా సుద్ద దాచే కొట్టుగదిలో పడివుంటుంది."

"ఆ పిల్లను నాకు వదలండి" అన్నాడు భస్మనేత్రుడు.

"నా ఇంట తప్పు చేసిన పనిపిల్లను శిక్షించడానికి నాకు చేతులున్నాయి."

పోలక్క ఏదో అనబోయి రాజమాత చూపు చూసి మానుకుంది. వీరభల్లుడు గొలుసు విప్పి ఖైదీని గుమ్మం వైపు నడిపిస్తున్నాడు. ఉదయసేనుడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. ఆ చూపు చెంగలువ చదవదలుచుకోలేదు, అయినా చదివింది. దెబ్బ ఎవరు కొట్టారో తెలిసి, ఎందుకు కొట్టారో తెలియని పిల్లవాడి చూపు అది.

వెనక నడవా పొడుగునా రాజమాత ఆమెను ఈడ్చుకుంటూ పోయింది. నడవా చివర గోడలోనే ఒక మందపు తలుపు ఉంది. లోపల చీకటి, పచ్చిమట్టి వాసన. చెంగలువను గడప లోపలికి తోసి, తాను గడప ఇవతల నిలబడింది.

"నీ పేరు రంగి కాదు."

"కాదు. చెంగలువ."

"ముఖాలు చదవడం ఎవరు నేర్పారు?"

"మా అమ్మ. ఆవిడకి చెవులు వినపడవు. మాట రాదు."

"అదృష్టవంతురాలు. నాకు చెవులున్నాయి, కళ్లూ ఉన్నాయి. వాడు ఏనుగు దిగి వచ్చి నాకు దండం పెట్టి నవ్వాడే, ఆ రోజే తెలిసింది నాకు. హారతి పళ్లెం చేతిలో పెట్టుకుని నిలబడి, నా కొడుకు ముఖం తొడుక్కున్నవాడికి హారతి ఇచ్చాను."

చెంగలువ చూసిన దుఃఖం నిజమే. అది అనుమానంతో వచ్చిందనుకుంది. తెలియక పడుతున్న బాధ కాదు అది. తెలిసి మోస్తున్న బాధ. ముడి సరిగ్గానే కనిపించింది. అది దేనికి పడిందో మాత్రం ముఖం చెప్పలేదు.

"తెలిసీ ఊరుకున్నారా?" అంది చివరికి.

"కోట బయట గుడారాలు చూశావు కదా. ఉత్సవానికి వచ్చిన అతిథులు అంటున్నారు. అవన్నీ ధూమ్రగిరి సేనలు. ఆ గదిలో నేను నిజం పలికి ఉంటే దీపాలు పెట్టే వేళకు ఈ ఇంట్లో ఒక్క ప్రాణి మిగిలేది కాదు. నా కొడుకు రాజుగా చచ్చిపోయేవాడు. ఇప్పుడు దొంగగానైనా బతికి ఏరు దాటతాడు."

"దొంగగా బతకడం ఆయనకి వద్దమ్మగారూ. బతకడం ఒక్కటే కావాలంటే మా పల్లెలోనే ఉండిపోయేవాడు. ఆ మొసళ్లూ ఆ తోడేళ్లూ ఎందుకు? మిమ్మల్ని చూడాలని వచ్చాడు. మీరు తల్లిని కాను అన్నప్పుడు ఆయన ముఖం చూశారా?"

"చూశాను."

"చూసి కూడా తలుపు వేస్తారా?"

"వేస్తాను."

ఆవిడ గొంతు మారలేదు. నుదుటి మీద మిగిలిన సుద్దపెళ్ల ఒకటి మాత్రం విరిగి భుజం మీద రాలింది. తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. చెంగలువ తన పాదం తెచ్చి గడప మీద పెట్టింది.

"వెయ్యండి. నేను మాత్రం ఊరుకోను. ఈ గోడ తవ్వుతాను, కప్పు ఎక్కుతాను, ఏం చేస్తానో నాకే తెలీదు. ఆయన ఏరు దాటే లోపల చేరుకుంటాను. ఆ ముఖం ఎవరిదో రేపు నిండుకొలువులో చెప్పిస్తాను. మీరు వద్దన్నా చెప్పిస్తాను."

కువలయాదేవి వంగి, ఆ పిల్ల పాదాన్ని చేత్తో పట్టుకుని, మెల్లగా లోపలికి జరిపింది.

"ఊరుకోవని నీ ముఖమే చెబుతోంది, అందుకే" అని తలుపు మూసేసింది.